గొడ్డలి ఎందుకు మూలపడింది

తుర్కపల్లిలో ఇంటి కట్టెలు కొట్టుకోవడం గ్యాస్ రాకతోనే తగ్గిందంటారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దీపం గ్యాస్ పథకం పేద ఆడవాళ్లను పొగ నుంచి కాపాడింది, అది గొప్ప మేలే. కానీ స్నానాల నీళ్లకు, పెళ్లి వంటలకు కట్టెల పొయ్యి ఆ తర్వాతా వెలిగింది. నా లెక్కన అసలు కారణం భూమి చేతులు మారడం. అదే కాలంలో ఇక్కడ జీనోమ్ వ్యాలీ అనే బయోటెక్ పార్కు మొదలైంది. పొలాలు ప్రహరీల లోపలికి పోయాయి, గట్ల మీది తుమ్మలూ పోయాయి.

వయసు మీదపడితే ఎలాగూ మానేవారు కదా అనొచ్చు. కానీ కట్టెలు కొట్టడానికి బలం కన్నా వాటం ముఖ్యం. ఎండిన మొద్దు కొసన పగులు చూసి ఆ గీత మీదే వేస్తే సగం పని గొడ్డలి బరువే చేస్తుంది. అందుకే పెద్దవాళ్లూ వానలకు ముందే కట్టెలు చీల్చి పేర్చుకోగలిగేవారు. కరువైంది బలం కాదు, చెట్లే; మిగిలిన చెరువుగట్టు చెట్లనైనా కాపాడుకోండి.