ఇంజిన్ మార్చిన చేతులు

గడ్డి కోసే బండికి కూడా తారీఖ్ ఉంటుందా అని నవ్వకండి. మన ఊళ్ళలో గడ్డికి కొడవలి చాలు, అది లేకపోతే మేకలు చాలు. కానీ చికాగోలోనో డాలస్‌లోనో రిశ్తేదార్ ఒకరైనా లేని ఖాందాన్‌లు ఇవాళ మనలో తక్కువ. అక్కడ చాలా ఊళ్ళలో ఇంటి ముందు గడ్డి హద్దు దాటి పెరిగితే జుర్మానా వేస్తారు. అందుకే పెద్ద జాగా ఉన్న ఇళ్ళ షెడ్డుల్లో కూర్చుని నడిపే మోవర్ కనిపిస్తుంది. చూడ్డానికి బచ్చా ట్రాక్టర్‌లా ఉంటుంది. పాతబడ్డ అలాంటి బండికి ఇంకా పెద్ద ఇంజిన్ ఎక్కించడం అక్కడ వేలమందికి ఉన్న షౌక్. నాకు ఆ బండి కన్నా దాని వెనక ఉన్న మిస్త్రీల కథ దిల్‌చస్ప్‌గా అనిపించింది.

కథ మొదలయ్యేది బాగ్‌లో కాదు, బట్టల మిల్లులో. ఇంగ్లాండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ చుట్టుపక్కల ఉన్ని మిల్లులు చాలా ఉండేవి. నేసిన ఉన్ని బట్ట మీద నూగులా లేచే పోగుల్ని తిరిగే బ్లేడ్ల మిషన్‌తో సమంగా కత్తిరించేవాళ్ళు. ఆ ఇలాకాలో ఎడ్విన్ బడ్డింగ్ అనే మిస్త్రీ, బట్ట మీద పోగుల్ని కోసే మిషన్ నేల మీద గడ్డిని ఎందుకు కోయదు అని ఆలోచించాడు. 1830లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పటిదాకా అమీర్ల తోటల్లో పొడుగు కొడవళ్ళతో మాలీలు, మంచుతడి ఆరకముందే పొద్దున్నే కోసేవాళ్ళు. బడ్డింగ్‌కు హునర్ ఉంది, పైసా లేదు. పైసా పెట్టింది ఫెరబీ అనే కార్ఖానా మాలిక్. ఇంకో మాట, దవడ వెడల్పు మార్చుకునే పానాను తయారుచేసిన ఘనత కూడా బడ్డింగ్‌కే ఇస్తారు. మన మెకానిక్ షెడ్డుల్లో రోజూ చేతులు మారే పానాకూ లాన్ మోవర్‌కూ ఉస్తాద్ ఒక్కడే అన్నమాట.

మొదట్లో ఆ బండికి మనుషులే ఇంజిన్. పెద్ద మోవర్లు వచ్చాక గుర్రాలను కట్టారు. గిట్టల ముద్రలు లాన్ మీద పడకుండా గుర్రాలకు తోలు బూట్లు తొడిగేవాళ్ళు. 1890ల్లో లంకాషైర్‌లోని లేలాండ్ ఊళ్ళో జేమ్స్ సమ్నర్ అనే లోహార్ ఖాందాన్ మనిషి ఆవిరితో నడిచే మోవర్ చేశాడు. అక్కడితో ఆగలేదు. మోవర్ కోసం చేసిన ఇంజిన్‌నే ఒక బిస్కెట్ల కంపెనీ మాలిక్ కోసం మూడు చక్రాల బండికి ఎక్కించాడు. 1896లో పార్ట్‌నర్లతో కలిసి ఆవిరి బండ్ల కంపెనీ పెట్టాడు. 1907లో అది లేలాండ్ మోటార్స్ అయ్యింది. 1955లో మద్రాసులోని అశోక్ మోటార్స్ ఆ కంపెనీతో చేయి కలిపి అశోక్ లేలాండ్‌గా మారింది. మనం ఎక్కే బస్సు, మన కాకా నడిపే లారీ మీద ఉన్న ఆ పేరుకు మూలంలో గడ్డి బండి ఇంజిన్‌ను ఇంకో బండికి మార్చిన ఒక లోహార్ ఉన్నాడు.

ఇక అమెరికా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత షహర్ల చుట్టూ కాలనీలు లేచాయి, ప్రతి ఇంటికీ లాన్ వచ్చింది. ట్రాక్టర్లు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో 'కబ్ కడెట్' అనే చిన్న బండిని తెచ్చింది. దానికి కోలర్ కంపెనీ 7 హార్స్‌పవర్ ఇంజిన్, ఒకటే సిలిండర్. రెండేళ్ళకే 10 హార్స్‌పవర్ మోడల్ వచ్చింది. ఆ తర్వాత 12, 14, 16. ఇక్కడే అసలు కిటుకు. కోలర్ వాళ్ళ ఆ వరుసలో 10 నుంచి 16 హార్స్‌పవర్ దాకా ఇంజిన్ల బయటి కట్టు దాదాపు ఒకటే, బిగించే బోల్టుల జాగా ఒకటే. కాబట్టి 10 ఇంజిన్ అరిగిపోతే 14 తెచ్చి అదే ఛాసిస్ మీద కూర్చోబెట్టొచ్చు. అంటే ఇది షౌక్ మాత్రమే కాదు, జరూరత్ కూడా. ఇంజిన్ చచ్చినా ఇనుము బతికే ఉంది, పారేయడం దేనికి?

అయితే బోల్టులు పడ్డంత మాత్రాన పని అయిపోదు. ఇంజిన్ షాఫ్ట్ నిలువుదా, అడ్డందా? లావు సరిపోతుందా? పుల్లీ పాత ఎత్తులోనే ఉందా? లేకపోతే బెల్టు వంకరగా నడిచి తెగుతుంది. ఒంటి సిలిండర్ పెద్దదయ్యేకొద్దీ వణుకు పెరుగుతుంది, పాత ఫ్రేమ్‌లో పగుళ్ళు రావొచ్చు. గేర్ డబ్బా ఎంత తాకత్‌కు చేశారో అంతే బర్దాష్త్ చేస్తుంది. అన్నిటికన్నా నాజూకైనది గవర్నర్. ఇలాంటి ఇంజిన్లు సాధారణంగా నిమిషానికి 3600 చుట్ల దగ్గర ఆగేలా గవర్నర్ కట్టేస్తుంది. అది అలాగే ఉంటే పెద్ద ఇంజిన్ వేగం పెంచదు, బరువు లాగే జోరు మాత్రమే పెంచుతుంది. దాన్ని పీకేస్తే బ్లేడు హద్దు దాటుతుంది. బ్లేడు కొస నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అమెరికా ప్రమాణం. గంటకు దాదాపు 350 కిలోమీటర్లన్నమాట. ఆ వేగంతో ఎగిరే రాయి గోలీ లాంటిదే.

ఇంకో సంగతి, స్టిక్కర్ మీద రాసిన హార్స్‌పవర్‌ను కూడా గుడ్డిగా నమ్మలేం. మోవర్ ఇంజిన్లకు ఉన్నదానికన్నా ఎక్కువ తాకత్ రాసి అమ్మారని అమెరికాలో ముకద్దమాలు నడిచాయి. 2010లో కోర్టు ఒప్పుకున్న ఒక రాజీ కింద కంపెనీలు 6.5 కోట్ల డాలర్లు కట్టాయి.

2014లో హోండా మోవర్ గంటకు 187 కిలోమీటర్ల రికార్డు కొట్టింది. అందులో 1000 సీసీ మోటార్‌సైకిల్ ఇంజిన్ పెట్టారు. ఖబర్ రాసినవాళ్ళు ఆ ఇంజిన్ గురించే రాశారు. ఆ తాకత్‌ను మోయడానికి ఫ్రేమ్ మొత్తం కొత్తగా కట్టారన్న మాట చాలామందికి పట్టలేదు.

మా ఆపా కొడుకు అమెరికాలో ఉద్యోగం. ఈ మధ్య వాడు కూడా ఒక పాత మోవర్ కొని ఇంజిన్ మార్చాడు. "ఇంజినీరింగ్ చదివించింది ఈ మిస్త్రీ పనికా భయ్యా?" అని ఆపా ఫోన్‌లో ఒకటే బాధ. ఆ బాధ ఆపా ఒక్కదానిదే కాదు, మనలో చాలా ఇళ్ళలో ఉన్నదే. మన బస్తీల్లో గ్యారేజీలు, పంక్చర్ దుకాణాలు, లేత్ పనులు ఎంతమంది మనవాళ్ళకు రోజీ రోటీ ఇచ్చాయో మనకు తెలుసు. అయినా రిశ్తాల మాట వచ్చినప్పుడు "లడ్కా మెకానిక్" అంటే మొహాలు మారతాయి. బడిలో తారీఖ్ పాఠాలు బాద్‌షాల పేర్లు చెప్పాయి గానీ బడ్డింగ్ లాంటి కారీగర్ల పేర్లు చెప్పలేదు. ఉర్దూ మీడియంలో చదివిన నాకూ చెప్పలేదు, తెలుగు మీడియంలో చదివిన నా దోస్తులకూ చెప్పలేదు.

ఏ ఇంజిన్‌ను ఏ ఛాసిస్ మోయగలదో చేత్తో తడిమి అందాజా కట్టగలగడం ఇల్మ్ కాకపోతే ఇంకేమిటి? ఈసారి మీ గల్లీలోని షెడ్డుకు వెళ్ళినప్పుడు బిల్లు బేరం ఆడే ముందు కాస్త ఆగి, అక్కడి షాగిర్ద్ పిల్లాడిని ఒక్క సవాల్ అడగండి: "ఇది ఎట్లా పనిచేస్తుంది బేటా?" మీ పిల్లల్ని కూడా పక్కనే నిలబెట్టి ఆ జవాబు విననివ్వండి.