కొత్తిమీర కట్ట, పటాన్‌చెరు నీళ్ళు

సంగారెడ్డి అంగడిలో కూరగాయలు కొన్నవారి సంచిలో చివరగా నాలుగు కొత్తిమీర కాడలు, ఒక కల్యామాకు రెబ్బ కొసరుగా పడేవి. కోస్తా మిత్రుల కోసం చెప్పాలి, కల్యామాకంటే కరివేపాకే. ఊరికే వచ్చే వస్తువుకు చరిత్రేమిటని అనిపించవచ్చు. కోటలు కట్టిన రాజులకు శాసనాలున్నాయి గానీ, ఆ కొసరును మరునాటి పులుసు దాకా వాడిపోకుండా కాపాడిన ఇల్లాళ్ళకు శాసనాలు లేవు. ఆ కాపాడటం గురించే ఈ నాలుగు మాటలు.

మా నాయనమ్మ పద్ధతి చాలా తేలికైనది. రంజను పక్కన ఒక వెడల్పాటి మూకుడులో తడి ఇసుక పోసి, దానిమీద చిన్న కుండ పెట్టేది. కొత్తిమీరను వేళ్ళతో సహా తడిబట్టలో చుట్టి కుండలో ఉంచి, మీద మరొక తడిగుడ్డ కప్పేది. ఆకును మాత్రం ముందుగా కడగనిచ్చేది కాదు. పుదీనా కాడలను నీళ్ళ చెంబులో నిలబెట్టేది. మిగిలిన కాడలను పెరటిలో గుచ్చితే అవి మళ్ళీ చిగిర్చేవి.

ఇందులోని శాస్త్రం నాకు చాలాకాలం తరువాత బోధపడింది. కోసిన తరువాత కూడా ఆకు బతికే ఉంటుంది, శ్వాసిస్తూనే ఉంటుంది. వేరునుండి నీరు రావడం ఆగిపోతుంది గానీ, ఆకునుండి నీరు పోవడం ఆగదు. వాడటమంటే ఆ లెక్క తప్పడమే. తడి ఇసుకలోని నీరు ఆవిరవుతూ కుండ వేడిని లాగేస్తుంది, లోపలి గాలిని చెమ్మగా ఉంచుతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వారు 1980 దశకంలో రెండు వరుసల ఇటుక గోడల నడుమ తడి ఇసుక నింపి, కరెంటు అక్కరలేని శీతల గదిని రూపొందించారు. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990 దశకంలో కుండలో కుండ పెట్టి, నడుమ తడి ఇసుక పోసి, పల్లె రైతుల కూరగాయలను కాపాడాడు. మూకుడు, కుండ, తడిబట్ట చేసిన పనీ ఇదే.

ఆకును ఆకుగా నిలుపలేనప్పుడు మనవాళ్ళు దాని రూపు మార్చారు. చింతచిగురును నీడన ఎండబెట్టి డబ్బాలకెత్తారు. కల్యామాకును వేయించి పొడి కొట్టారు. పుంటికూరను నూనెలో మగ్గించి, ఉప్పూ కారమూ దట్టించి జాడీకెక్కించారు. ఎండినా, ఉప్పు పట్టినా సూక్ష్మజీవికి కావలసిన నీరు దక్కదు. అయితే ఆ పచ్చి వాసన మాత్రం తిరిగి రాదు.

ఆకుకూ గింజకూ ఉన్న తేడా ఇక్కడే. 1922లో బయటపడిన టూటన్‌ఖామెన్ సమాధిలో ధనియాలు దొరికాయి. మూడువేల మూడువందల ఏళ్ళు రూపు చెడక నిలిచిన గింజ అది. దాని ఆకు మన వేసవిలో మూడు పూటలు నిలువదు. ఈ తేడాను ఆధారం చేసుకొని నిలిచిన సంస్థ మా జిల్లాలోనే ఉంది. 1972లో పటాన్‌చెరు దగ్గర నెలకొన్న ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి మెట్టపంటల రకాలు లక్షకు పైగా భద్రపరచబడ్డాయి. గింజలను బాగా ఆరబెట్టి, గాలి చొరకుండా మూసి, సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ చలిలో ఉంచితే దశాబ్దాల తరువాత కూడా మొలకెత్తుతాయి. కల్యామాకు గింజ ఈ పద్ధతికి లొంగదు, ఎండబెడితే దానిలోని జీవం పోతుంది. అందువల్ల కల్యామాకును దాచేందుకు మన పెద్దలకు తెలిసిన భాండాగారం ఒక్కటే, పెరటిలోని చెట్టు.

పెరళ్ళు తగ్గుతూ వచ్చాయి. 1960 దశకంలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వెలిసింది. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడగా మారింది. కార్ఖానా జీతాలతో పాటు ఇళ్ళలోకి ఫ్రిజ్‌లు వచ్చాయి. హైదరాబాదులో 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ పేరు ఆనాటి మధ్యతరగతి వంటిళ్ళలో అందరికీ తెలిసినదే. ఫ్రిజ్ చల్లదనం ఇస్తుంది గానీ దాని గాలి పొడిది. కట్టను అలాగే పెడితే వడలుతుంది, తడిగా కవరులో బిగిస్తే కుళ్ళుతుంది. ఆరిన ఆకును కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టాలి. పండిన అరటిపళ్ళ పక్కన ఉంచితే, వాటినుండి వెలువడే ఇథిలీన్ వాయువుకు ఆకు పసుపెక్కుతుంది. తులసికైతే ఆ చలి అసలే గిట్టదు, నల్లబడిపోతుంది.

ఇంతవరకూ ఆకులోని నీటిని కాపాడే కథ. ఆ నీరు ఎక్కడినుండి వచ్చిందన్నది రెండవ కథ.

పటాన్‌చెరు, బొల్లారం కార్ఖానాల వ్యర్థాలు నక్కవాగులోకీ, చుట్టుపట్ల చెరువులలోకీ చేరాయి. నక్కవాగు వెళ్ళి మంజీరలో కలుస్తుంది. బావులు చెడ్డాయి, పొలాలు చెడ్డాయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో కార్ఖానాలన్నిటికీ కలిపి ఒక వ్యర్థజల శుద్ధి కేంద్రం వచ్చింది. హైదరాబాదు భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఇక్కడి నేలలో క్రోమియం, సీసం, ఆర్సెనిక్ అధికంగా ఉన్నట్టు తేలింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ శుద్ధి కేంద్రంనుండి బయటికి వచ్చే నీటిని పరీక్షించగా, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. 2009లో వెలువడిన మరొక అధ్యయనం ఈ ప్రాంతపు బావులలో సైతం మందుల ఆనవాళ్ళను చూపింది.

కార్ఖానాలు అన్నం పెట్టలేదని నేననను. ఎన్నో ఇళ్ళ పొయ్యి వెలిగింది ఆ జీతాలతోనే, ఫ్రిజ్ కొన్నదీ ఆ జీతాలతోనే. కానీ కొత్తిమీర కట్టలో అధికభాగం నీరే. ఏ డబ్బా అయినా, ఏ కుండ అయినా ఉన్న నీటిని నిలుపగలదే తప్ప చెడిన నీటిని మంచి చేయలేదు. మట్టి, పురుగు, దుమ్ము కడిగితే పోతాయి. వేరు తాగిన నీరు కడిగితే పోదు.

నాయనమ్మ కట్ట విప్పేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న, “ఇది ఏ బాయి కింది ఆకు బిడ్డా?” ధర అడిగేది తరువాత. అది ముసలివాళ్ళ చాదస్తమని నేను నవ్వేవాణ్ణి. ఆమెకు ఊరిలోని బావులన్నీ రుచులతో సహా తెలుసు. ఇప్పుడు నా ఫ్రిజ్‌లో కొత్తిమీర పదిరోజులు పచ్చగా ఉంటోంది. ఆ ప్రశ్న అమ్మే మనిషిని అడిగితే “మార్కెట్ల తెచ్చిన సార్” అన్న జవాబే వస్తుంది.

అందుకని ఈ మధ్య మా మిద్దెమీద రెండు కుండీలలో ధనియాలు నలిపి చల్లాను. ఒక మూల కల్యామాకు మొక్క కూడా నిలదొక్కుకుంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆకును ఎలా దాచేవారో, ఏ నీళ్ళతో పెంచేవారో తెలిసిన మిత్రులు నాలుగు మాటలు రాస్తే సంతోషిస్తాను. ఆ సంగతులు చెప్పగలిగినవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా కొందరున్నారు.