తలలోని వాపు – ఒక మందు కథ



పసిబిడ్డకు తలంటేటప్పుడు మాడు మీద చెయ్యి వేస్తే మెత్తగా తగులుతుంది కదా? రెండేళ్లు వచ్చేసరికి అది మూసుకుపోతుంది. ఆ తర్వాత పుర్రె కొబ్బరిచిప్ప లాంటిదే, సాగమన్నా సాగదు. లోపల మెదడు, నెత్తురు, కాస్త నీరు – వీటికే చోటు. ఒకటి పెరిగితే మరొకటి తగ్గాలి. ఈ లెక్కకు పునాది వేసినవారు 1783లో ఎడింబరో వైద్యుడు అలెగ్జాండర్ మన్రో, 1824లో ఆయన శిష్యుడు జార్జి కెల్లీ.

స్కూటరు మీంచి పడి తలకు గట్టి దెబ్బ తగిలిందనుకోండి. మెదడు వాస్తుంది. కాలు వాస్తే చెప్పు వదులు చేసుకుంటాం, పుర్రెను ఏం చేస్తాం? లోపల ఒత్తిడి పెరిగి మెదడుకు నెత్తురు అందదు. దెబ్బకు బతికిన మనిషి వాపుకు పోవచ్చు. 1960లో స్వీడన్ డాక్టరు నిల్స్ లుండ్‌బర్గ్ మెదడులోని నీటిగదిలోకి సన్నని గొట్టం పంపి, ఆ ఒత్తిడిని గంటల తరబడి కాగితం మీద గీతగా చూపించాడు.

మరుసటి ఏడు అమెరికాలో, మిన్నెసోటాలో, గాలిసిచ్, ఫ్రెంచ్ అనే డాక్టర్లు మెదడులో కంతి ఉన్నవాళ్లకు డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ ఇస్తే వాపు తగ్గింది. కంతి వాపుకు పనిచేసింది, దెబ్బ వాపుకు పనిచేయదా అనుకున్నారు. తలనొప్పి మాత్ర నడుంనొప్పికీ ఇచ్చే మనం వాళ్లను తప్పుపట్టగలమా! ఏళ్ల తరబడి ఎన్నో దేశాల్లో ఈ జాతి మందులు తలదెబ్బలకు ఇస్తూ వచ్చారు. బతికినవాణ్ణి చూసి మందు గొప్పన్నారు, పోయినవాణ్ణి చూసి దెబ్బ పెద్దదన్నారు.

చిన్న చిన్న పరీక్షలు జరిగాయి గాని ఏదీ తేలలేదు. 1999లో 'క్రాష్' అనే పెద్ద పరీక్ష మొదలైంది. దెబ్బ తగిలిన ఎనిమిది గంటల్లోపు వచ్చిన పెద్దవాళ్లలో, చీటీలు వేసినట్టు ఎంచి, సగంమందికి స్టిరాయిడ్, సగంమందికి మందులేని సీసా. ఎవరికేది అందిందో డాక్టరుకూ తెలియదు. ఇరవై వేలమందిని చేర్చుకుందామనుకున్నవాళ్లు 10,008 మంది దగ్గరే, 2004లో, ఆపేశారు. రెండు వారాల్లో పోయినవాళ్లు మందు లేనివారిలో నూటికి 18, మందు పుచ్చుకున్నవారిలో 21!

మూడే కదా అనకండి. ఆ ముగ్గురి కోసం ఇంటి దగ్గర ఎవరో అన్నం మూతపెట్టి కూర్చున్నారు. ఇచ్చిన డాక్టర్లూ మేలు చేస్తున్నామనే ఇచ్చారు.

ఇవాళ ఆ వాపుకు స్టిరాయిడ్ ఇవ్వరు. తలవైపు మంచం ఎత్తుతారు, శ్వాసయంత్రం పెడతారు, మానిటాల్ గాని చిక్కటి ఉప్పునీరు గాని నరంలోకి ఎక్కిస్తారు. దేనికీ లొంగకపోతే పుర్రె ఎముక కొంత తీసి మెదడుకు చోటిస్తారు. దానికీ 2016లో లెక్క తేలింది. ఆర్నెల్లలో పోయేవాళ్లు నూటికి 49 నుంచి 27కు తగ్గారు. కాని బతికీ తెలివిరాని వాళ్లు ఇద్దరల్లా ఎనిమిది, తొమ్మిదిమంది అయ్యారు. ఆ ఆపరేషను కాగితం మీద సంతకం అడిగేది ఇంటివాళ్లనే.