ఆర్‌ఎన్‌ఏ వరుస నుండి డీఎన్‌ఏ పోచలను కనుగొనుట

డీఎన్‌ఏ అణువు రెండు పోచల పేట. అనులేఖన సమయంలో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము వాటిలో ఒకదానిని మాత్రమే చదువుతూ, దానికి జత కుదిరే ఆర్‌ఎన్‌ఏను అల్లుతుంది. అలా చదువబడేది మూస పోచ. రెండవది సంకేత పోచ. ఆర్‌ఎన్‌ఏ పుట్టుక మూస పోచ నుండి, పోలిక మాత్రం సంకేత పోచది. విద్యార్థులు తడబడేది ఇక్కడే.

కనుక ఆర్‌ఎన్‌ఏ వరుస చేతిలో ఉంటే సంకేత పోచకు లెక్క అక్కరలేదు. యూ ఉన్నచోటనెల్లా టీ వ్రాస్తే సరిపోతుంది. మూస పోచకు జత నియమం వర్తిస్తుంది: ఏకు టీ, యూకు ఏ, జీకి సీ, సీకి జీ. పోచలు ఎదురెదురు దిశలలో సాగుతాయి గనుక ఆర్‌ఎన్‌ఏ 5' కొనకు ఎదుట మూస పోచ 3' కొన ఉంటుంది.

రక్తంలోని హిమోగ్లోబిన్ బీటా గొలుసుకు చెందిన ఆర్‌ఎన్‌ఏ ముక్క ఒకటి ఇది:

ఆర్‌ఎన్‌ఏ: 5' ఏసీయూ సీసీయూ జీఏజీ జీఏజీ 3'
సంకేత పోచ: 5' ఏసీటీ సీసీటీ జీఏజీ జీఏజీ 3'
మూస పోచ: 3' టీజీఏ జీజీఏ సీటీసీ సీటీసీ 5'

ప్రశ్నలో మూస పోచను 5' నుండి వ్రాయమంటే చివరి వరుసను వెనుక నుండి చదవాలి: సీటీసీ సీటీసీ ఏజీజీ ఏజీటీ. దిశ గుర్తించని జవాబు సగం జవాబే.

ఈ ముక్కలో మూడవ త్రికం జీఏజీ, గ్లుటామిక్ ఆమ్లానికి సంకేతం. సంకేత పోచలో అక్కడి ఏ స్థానంలో టీ చేరితే మూస పోచలో సీటీసీ కాస్తా సీఏసీ అవుతుంది, ఆర్‌ఎన్‌ఏలో జీయూజీ పలుకుతుంది, గొలుసులో వాలీన్ వచ్చి కూర్చుంటుంది. కొడవలి కణ రక్తహీనతకు మూలం ఈ ఒక్క అక్షరమే. గొలుసులో మారినది ఏ ఆమ్లమో 1950ల నడుమ వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చాడు. మన దేశంలో ఈ వ్యాధి 1952లో నీలగిరులలో మొదట నమోదయింది. ఒడిశా, మహారాష్ట్రలలోని గిరిజన ప్రాంతాలలోనూ విస్తృతంగా ఉంది. దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వ జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న మొదలైంది.

రక్తపరీక్ష నివేదికలో ఏఎస్ అంటే వాహక స్థితి, ఎస్‌ఎస్ అంటే వ్యాధి. వాహకులకు సాధారణంగా బాధ కనిపించదు. అయితే భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది గనుక రెండవ బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. సంబంధం కుదుర్చుకొనే ముందే పరీక్ష చేయించుకొనుట మేలు.

ఒక హెచ్చరిక. పక్వమైన సందేశ ఆర్‌ఎన్‌ఏ నుండి వెనుకకు వెళితే దొరికేది పూర్తి జన్యువు కాదు. బీటా గొలుసు జన్యువులోని రెండు ఇంట్రాన్లు కత్తిరించబడి ఉంటాయి. చివరనుండే ఏల తోక డీఎన్‌ఏలో లేనిది, తరువాత అతికించబడినది.