తాళం మీద మాట: ర్యాప్, బుర్రకథ

ర్యాప్‌లో రాగం కన్నా మాటే ముఖ్యం. డ్రమ్ము దెబ్బకు సరిగ్గా పడేలా ప్రాసలు పేర్చి, వేగంగా పలకడం దాని పద్ధతి. పుట్టిల్లు న్యూయార్క్‌లోని బ్రాంక్స్. 1973 ఆగస్టు 11న తన చెల్లెలు పెట్టిన వేడుకలో, జమైకాలో పుట్టిన డీజే కూల్ హెర్క్ ఒకే పాట రికార్డులు రెండు తిప్పుతూ, అందులోని డ్రమ్ము భాగాన్నే మళ్ళీమళ్ళీ వినిపించాడు. ఆ మోత మీద మైకులో ఉత్సాహపరిచే మాటలు జోడించేవారు. ఆ మాటలే పెరిగి పద్యాలయ్యాయి. 1979లో ‘రాపర్స్ డిలైట్’ పాట ర్యాప్‌ను వీధి దాటించింది. 1982లో వచ్చిన ‘ది మెసేజ్’ పేదపేటల బతుకును సూటిగా చెప్పింది.

తెలుగు శ్రోతకు ఈ తీరు పూర్తిగా కొత్తది కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల పల్లెల్లో శ్రీరామనవమి పందిళ్ళలోనూ, తీర్థాల్లోనూ బుర్రకథ విన్నవారికి, తాళం మీద మాట ఎలా నడుస్తుందో బాగా తెలుసు. నడుమ కథకుడు భుజాన తంబురా, వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలతో ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ చెబుతాడు. అటూ ఇటూ వంతలు గుమ్మెట వాయిస్తూ ‘తందాన’ పలుకుతారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. పురాణం మధ్యలో ఊరి సమస్య చొప్పించే వీలు ఈ రాజకీయపు వంతకే ఉంది. బుర్రకథ బలమంతా ఇక్కడే.

జంగం కథ, శారద కథల సంప్రదాయం నుంచి వచ్చిన ఈ కళను 1940లలో ప్రజానాట్యమండలి కమ్యూనిస్టు ఉద్యమానికి అందించింది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ బుర్రకథ రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ‘పల్నాటి యుద్ధం’, బెంగాల్ కరువు వంటి కథలతో జనాన్ని కదిలించారు. పాలకులు భయపడి నిషేధాలూ విధించారు. 1986లో నాజర్‌కు పద్మశ్రీ దక్కింది.

ఈ రెండు కళలకూ చుట్టరికం లేదు. ర్యాపర్ ఎక్కువగా తన బతుకును తానే రాసుకుని ‘నేను’ అని చెబుతాడు. బుర్రకథకుడు వీరుడి కథను ముగ్గురి నోట పలికిస్తాడు. ఇక తెలుగువారికి ర్యాప్ సినిమా ద్వారానూ చేరింది; దాన్ని పరిచయం చేసిన వాటిలో 1994 నాటి అనువాద చిత్రం ‘ప్రేమికుడు’ ఒకటి.