సంరక్షణ సెలవు (జపాన్)

వృద్ధాప్యం, అనారోగ్యం లేదా వైకల్యం వల్ల ఒకరి సాయం లేనిదే గడవని కుటుంబ సభ్యులను చూసుకునేందుకు జపాన్‌లో ఉద్యోగులకు చట్టం కల్పించిన సెలవు. జపనీస్ పేరు కైగో క్యూగ్యో. ఒక్కో కుటుంబ సభ్యుడి కోసం మొత్తం 93 రోజులు తీసుకోవచ్చు. జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు, మనవలు, అవ్వాతాతలు దీని పరిధిలోకి వస్తారు. రెండు వారాలు, లేదా అంతకు మించి నిత్య సంరక్షణ అవసరమయ్యే స్థితి ఉండాలి.

చరిత్ర

ఈ సెలవు ఆరంభానికి 1991, 1995, 1999 అని మూడు సంవత్సరాలు చెప్పుకోవచ్చు. మొదటిది మూలచట్టం వచ్చిన ఏడాది. అప్పట్లో అది పసిపిల్లల పెంపకానికే పరిమితం. వృద్ధుల సంరక్షణను 1995 సవరణ చేర్చింది. యజమానులు ఈ సెలవు ఇచ్చితీరాలన్న నిబంధన మాత్రం 1999 ఏప్రిల్ 1 నుంచే అమలైంది కాబట్టి, హక్కుగా చూస్తే 1999ని లెక్కలోకి తీసుకోవడమే సబబు. సెలవును మూడు విడతలుగా వాడుకునే వీలు 2017 జనవరిలో వచ్చింది. సెలవు కాలంలో జీతం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదు. ఉపాధి బీమా నుంచి వచ్చే భృతి 2016 ఆగస్టులో జీతంలో 40 శాతం నుంచి 67 శాతానికి పెరిగింది.

ఉద్దేశంపై భిన్నాభిప్రాయాలు

సంరక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది గనుక 93 రోజులు ఏ మూలకూ చాలవన్నది ప్రధాన విమర్శ. ఇది స్వయంగా సేవ చేయడానికి కాదు, సేవ ఏర్పాట్లు చేసుకోవడానికి ఇచ్చిన గడువు అన్నది ప్రభుత్వ వివరణ. అంటే 2000 ఏప్రిల్‌లో మొదలైన సంరక్షణ బీమా కింద దరఖాస్తు పెట్టడం, కేర్ మేనేజర్‌తో మాట్లాడటం, ఇంటికి వచ్చే సహాయకులనో వృద్ధాశ్రమాన్నో కుదుర్చుకోవడం వంటివి. ఆసుపత్రికి తీసుకెళ్లడం వంటి పనులకు ఏడాదికి 5 రోజులు (ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది ఉంటే 10) వేరే సెలవు ఉండటాన్ని బట్టి చూస్తే రెండో వివరణే చట్టానికి దగ్గరగా ఉంది. అయితే బీమా సేవలు అందుబాటులో లేని చోట అది అంతగా నిలవదు.

ఉద్యోగం మానేయడం

సంరక్షణ కోసం ఉద్యోగం వదిలేయడాన్ని కైగో రిషొకు అంటారు. దీన్ని పూర్తిగా నివారిస్తామని 2015లో షింజో అబే ప్రభుత్వం ప్రకటించింది. 2022 ప్రభుత్వ సర్వే ప్రకారం ఒక్క ఏడాదిలో సుమారు 1.06 లక్షల మంది ఇలా మానేశారు. వారిలో అత్యధికులు మహిళలు. 2025 ఏప్రిల్ నుంచి, ఉద్యోగికి 40 ఏళ్లు వచ్చే సమయంలో ఈ సెలవుల వివరాలు తెలియజేయడం యజమాని విధి. సంరక్షణ బీమా ప్రీమియం చెల్లింపు మొదలయ్యేదీ ఆ వయసులోనే.