క్షురకవృత్తిలో నురగ: రామసముద్రం సీమ నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

క్షురకవృత్తి చరిత్ర అనగానే మన పరిశోధకుల దృష్టి కొండోజు మీదికి పోతుంది. అది సహజమే. విజయనగర చక్రవర్తి సదాశివరాయల కాలంలో (1542–1570), అళియ రామరాయల అనుగ్రహం పొందిన ఈ మంగలి తన వృత్తివారందరికీ పన్నుల మినహాయింపు సాధించాడు. వెట్టి, సిద్ధాయం, బిరాడ, మహర్నవమి దివిటీల పన్ను మొదలైనవి మాన్పించినట్లు బాదామి శాసనం తెలుపుతుంది. ఇదే విషయాన్ని ప్రకటించే శాసనాలు రాయలసీమలోనూ వేయించారు. ఒక వృత్తి కులానికి ఇంత విస్తృతంగా పన్నులు మాఫీ కావడం మన శాసన చరిత్రలో అరుదు. అయితే రామరాయలను మెప్పించిన ఆ పని ఎలా జరిగిందో ఎవరూ అడగలేదు. కత్తి ఉంది, చెయ్యి ఉంది, నీళ్ళున్నాయి. నురగ ఉందా?

లేదని చెప్పడానికి బలమైన ఆధారాలున్నాయి. నురగ మనవారికి కొత్త కాదు. కుంకుడుకు అమరకోశం చెప్పిన పేర్లలో ‘ఫేనిలం’ ఒకటి, అంటే నురగ గలది. వాత్స్యాయన కామసూత్రాల్లోని నాగరకుని దినచర్యలో మూడవనాడు ఫేనకం, నాలుగవనాడు ఆయుష్యం చెప్పబడ్డాయి. ఫేనకమంటే నురగ వచ్చే ద్రవ్యంతో ఒళ్ళు రుద్దుకోవడం, ఆయుష్యమంటే క్షౌరం. ఈ రెండూ వేర్వేరు దినాలకు చెందిన వేర్వేరు పనులు. నురగ స్నానానికి సంబంధించినదిగా ఉండిపోయింది, గడ్డం మీదికి రాలేదు. ముఖాన్ని నీళ్ళతో తడిపి, వేళ్ళతో మర్దించి, వెంట్రుక మెత్తబడ్డాక కత్తి పెట్టడమే మన పద్ధతి. తిరుమల కల్యాణకట్టలో నేటికీ తలనీలాలు తీసే విధానం ఇదే: నీళ్ళు, చెయ్యి, కత్తి. కత్తిలో సగం బ్లేడు చేరినా తక్కిన పని మారలేదు. పాత పద్ధతిని చూడదలచిన పరిశోధకుడు గ్రంథాలయానికి వెళ్ళనక్కరలేదు.

ఇక్కడొక చిన్న విశేషం గమనించాలి. సబ్బు చేయడానికి కావలసిన సరుకంతా మన ఊళ్ళలోనే ఉంది. చాకలివారు వాడిన చవుడులో సోడా క్షారం, పొయ్యి బూడిదలో పొటాషు క్షారం, గానుగలో నూనె ఉన్నాయి. అయినా వీటిని కలిపి కాచి సబ్బు చేయవలసిన అవసరం మనవారికి కలగలేదు. కుంకుడు, శీకాయ, సున్నిపిండి ఆ పని చేసిపెట్టాయి. ‘సబ్బు’ అనే మాట కూడా పోర్చుగీసు, అరబ్బీ పదాల కుటుంబానికి చెందినదే కాని దేశ్యం కాదు. గడ్డపు కుంచె చరిత్ర మరీ ఇటీవలిది. యూరపులోనే అది 18వ శతాబ్ది నడుమ ఫ్రాన్సులో వాడుకకెక్కిందని చెబుతారు. మన దేశానికి తెల్లదొరల బంగళాల ద్వారా, దండు విడిదుల ద్వారా వచ్చి ఉండాలి.

మదనపల్లె, పుంగనూరు పట్టణాలకు దాపున, కర్ణాటకలోని కోలారు జిల్లా సరిహద్దును ఆనుకొని ఉన్న రామసముద్రాన్ని ఈ పరిశీలనకు ఎన్నుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి నీరు, రెండవది మాట. నీటి సంగతి ముందు చూద్దాం.

రాయలసీమలో ‘సముద్రం’తో ముగిసే ఊరిపేర్లు సాధారణంగా చెరువును సూచిస్తాయి. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. చెరువు నిండా ఉండేది వాననీరు. రాతిపొరల్లోంచి తోడిన నీటిలో ఉన్నన్ని సున్నపు లవణాలు అందులో ఉండవు. సబ్బు కఠినజలంలో పడితే అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకొని తెల్లటి తెట్టుగా మార్చివేస్తాయి. ఆ తెట్టు కట్టడం పూర్తయ్యాక మిగిలిన సబ్బే నురగనిస్తుంది. మన ఇల్లాండ్రకు ఈ రసాయనశాస్త్రం ఏనాడో తెలుసు: పప్పు ఉడకని నీళ్ళలో సబ్బు కూడా నురగ రాదు. చెరువులు ఎండి బోరుబావులు లోతుకు దిగిన కొద్దీ ఈ సీమలో క్షౌరశాల గిన్నెలోని నీటి స్వభావం కూడా మారుతూ వచ్చింది. వృత్తి చరిత్రను వ్రాసేవారు నీటిపారుదల చరిత్రను పక్కన పెట్టరాదని నా అభిప్రాయం.

గడ్డపు సబ్బు మెత్తగా ఉండడానికి కారణం పొటాషు క్షారం. సోడాతో చేసినది గట్టి బిళ్ళ అవుతుంది, పొటాషుతో చేసినది ముద్దగా ఉండి నీటిలో త్వరగా కరుగుతుంది. కొబ్బరినూనె త్వరగా పొంగే పెద్ద బుడగల నురగనిస్తుంది కాని అది నిలవదు. స్టియరిక్ ఆమ్లం ఆలస్యంగానైనా దట్టమైన, సన్నని నురగనిస్తుంది. మంచి ముద్దసబ్బు ఈ రెండింటి కలయిక. ఇక చేతిపని. కుంచెను గోరువెచ్చని నీటిలో కాసేపు నాననిచ్చి, నీళ్ళు కారకుండా విదిలించాలి. శనగగింజంత ముద్దను గిన్నెలో వేసి తడి కుంచెతో తిప్పితే మొదట జిగురుగా, నిర్జీవంగా ఉంటుంది. చాలామంది ఇక్కడే తొందరపడి నీళ్ళు ఒక్కసారిగా పోస్తారు. అప్పుడు వచ్చేది ఆవిరైపోయే బుడగల పొంగు. చూడటానికి ఎక్కువగా కనిపిస్తుంది గాని చర్మాన్ని కాపాడదు. చుక్క వెంట చుక్కగా నీళ్ళు కలుపుతూ, కవ్వం తిప్పినట్టు నిదానంగా తిప్పితే నురగ బిగిసి, మీగడలాంటి నిగనిగ వస్తుంది; కుంచె పైకెత్తితే దాని మొన నిలుస్తుంది. దాన్ని గడ్డం మీద గుండ్రంగా రుద్దితే వెంట్రుక లేచి నిలిచి, నీరు పీల్చి మెత్తబడుతుంది. నురగ చేసే అసలు మేలు ఇదే: నీటిని వెంట్రుక దగ్గర నిలిపి ఉంచడం. పాత మంగలి వేళ్ళతో ఎంతోసేపు మర్దించి సాధించినదాన్ని కుంచె కొద్ది నిమిషాల్లో సాధించింది. ‘మంగలి పాత, చాకలి కొత్త’ అన్న సామెతలోని పాతదనమంతా ఆ వేళ్ళ అనుభవమే. కుంచె ఆ అనుభవంలో కొంత భాగాన్ని వస్తువుగా మార్చి అమ్మకానికి పెట్టింది.

ఈ అమ్మకం దగ్గరే చరిత్ర మలుపు తిరిగిందని నేను భావిస్తున్నాను. పన్నిద్దరు ఆయగాండ్రలో ఒకడైన క్షురకునికి కళ్ళంలో ధాన్యం కొలిచేవారు. ఆ ధాన్యం అతని చేతిపనికి, ఏళ్ళ తరబడి అరిగే కత్తికి, సానరాయికి సరిపోయేది. సబ్బు అలాంటిది కాదు. అది ఏ రోజుకారోజు కరిగిపోయే సరుకు, అంగడిలో నాణెమిచ్చి కొనవలసినది. ఏడాదికొకసారి వచ్చే గింజలతో ఏ వారానికావారం అయిపోయే సబ్బును కొనడం ఎలా? 1910ల చివరలో పొరుగున బెంగుళూరులో మైసూరు ప్రభుత్వ సబ్బు కర్మాగారం వెలసింది. దక్షిణాదిలో సబ్బు వాడకం విస్తరించిన ఆ దశాబ్దాల్లోనే పట్టణాల్లో క్షౌరశాలలు కూడా పెరగడం కాకతాళీయం కాదు. ఆయం పద్ధతి సడలడానికి భూమి సంబంధాలు, వలసలు, చదువు వంటి పెద్ద కారణాలు ఉన్న మాట నిజమే. ఆ పెద్ద కారణాల నడుమ సబ్బుగిన్నె కూడా ఒక చిన్న కారణమని గుర్తించాలి.

కుంచె మరొక చిక్కు తెచ్చింది. అది ఒక ముఖం నుంచి మరొక ముఖానికి పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో చవకరకం గుర్రపు వెంట్రుకల కుంచెల వల్ల ఇంగ్లండు, అమెరికాలలో కొందరికి ఆంత్రాక్స్ సోకింది. అక్కడ అది ఆరోగ్య సమస్య. మన ఊళ్ళలో అదే కుంచె కుల సమస్య అయింది. దళితుని గడ్డానికి తాకిన కుంచె తమ గడ్డానికి తాకరాదన్నవారు ఉన్నంతకాలం, దుకాణదారుని జీవనోపాధి వారి చేతుల్లో ఉన్నంతకాలం, దళితులకు క్షౌరశాల గుమ్మం మూసే ఉంది. నిరాకరించినవాడు సైతం గ్రామ కట్టుబాటులో బందీయే. ఈ మాట చెప్పడం అతని తప్పును మాఫీ చేయడానికి కాదు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ‘దుకాణం’ అన్న మాటను నిర్వచిస్తూ క్షౌరశాలను పేరుపెట్టి చేర్చింది. శాసనకర్తలు ఊరికే చేర్చి ఉండరు. కొండోజు నాటి శాసనం వృత్తివారిని రాజ్యపు వెట్టి నుంచి విడిపించింది. ఈ చట్టం ఆ వృత్తి ముంగిట నిలబడిన మరొకరి హక్కును గుర్తించింది. రెండింటినీ కలిపి చదివితే తప్ప ఈ వృత్తి చరిత్ర పూర్తికాదు.

ఇక మాట సంగతి. క్షురకుని సంచిని తెలుగులో పొది అనీ, అడపం అనీ అంటారు. అడపమంటే తాంబూలపు సంచి కూడా. అదే మాట కన్నడంలో ‘హడప’. పన్నెండవ శతాబ్దిలో బసవేశ్వరునికి తాంబూలపు సంచి మోసిన హడపద అప్పణ్ణను అక్కడి క్షురక సముదాయం తన మూలపురుషునిగా భావిస్తుంది. తమిళంలోనూ ‘అడైప్పం’ ఇదే జంట అర్థంతో ఉంది. తెలుగు, కన్నడం కలిసే రామసముద్రం వంటి చోట, అటు కుప్పం వైపు తమిళం కూడా చేరే సీమలో, ఒకే సంచికి దాదాపు ఒకే పేరు. ఆ పేరులో రాజసభలో ఆకు వక్క అందించేవాని గౌరవమూ, ఊరి రచ్చమీద గడ్డం గీసేవాని శ్రమా కలిసి ఉన్నాయి. నేడు నాయీబ్రాహ్మణులుగా గౌరవంగా పిలువబడుతున్న ఈ వృత్తివారి దుకాణాల్లో అడపం కనిపించదు. దాని స్థానంలో అద్దాల అలమర వచ్చింది, కుంచె స్థానంలో డబ్బా నొక్కితే వచ్చే నురగ వస్తోంది. 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం చూపిన దారిలో, ఈ సరిహద్దు మండలాల్లో పొదిలోని ఒక్కొక్క వస్తువుకూ, కత్తి పట్టులకూ, నీటి రకాలకూ, నురగ దశలకూ ఉన్న మాటలను సేకరించవలసి ఉంది. ఆ మాటలు తెలిసినవారు కత్తిని సానరాయి మీద నూరిన తరంవారు.